పెట్టె మీద 110 పూసలు, పెట్టెలో 104: ప్రోటీన్ కిట్ కొన్న కథ

ఐదుకి మూడు స్టార్లు. అందులో ఒకటిన్నర నిజానికి మా అమ్మకి వెళ్ళాలి, ఎందుకో మధ్యలో చెప్తాను, ముందు సరుకు సంగతి.

పిల్లలకి కణం లోపల జరిగే పనిని చేత్తో ఆడించి చూపించే కిట్ ఇది. మొత్తం కణం కాదు, ఒక్కటే పని: కొత్తగా తయారవుతున్న ప్రోటీన్ ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (కణం లోపల పొరతో చేసిన పెద్ద సంచీలాంటిది) పొరని దాటి లోపలికి ఎలా పోతుంది అన్నది. ఉదాహరణకి ఇన్సులిన్ తీసుకున్నారు. 1,890 రూపాయలు, డెలివరీ ఫ్రీ. కంపెనీ పేరు రాయను, పేరు రాస్తే ఫోన్లు మొదలవుతాయి, పైగా చూడబోతే ఇలాంటి కిట్లే వేరే పేర్లతో కూడా అమ్ముతున్నట్టున్నారు. ఆకుపచ్చ పెట్టె, మీద నవ్వుతున్న రైబోజోమ్ (కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం) బొమ్మ. రైబోజోమ్‌కి కళ్ళూ పళ్ళూ ఎందుకు పెట్టారో ఆ దేవుడికే తెలియాలి.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇంగ్లిష్, బజార్లో ఏది ముందు నోటికొస్తే అది. నాది మెడికల్ షాపు. ఇరవై ఏళ్ళ కింద బీఎస్సీ జువాలజీ చదివాను కాబట్టి మా అక్క కూతురు ప్లస్ టూలో సైన్స్ తీసుకున్న దగ్గర్నించి బయాలజీ డౌట్లన్నీ నా నెత్తినే పడుతున్నాయి. ఒకరోజు షాపుకొచ్చి ఫ్రిజ్‌లో ఇన్సులిన్ వయల్స్ సర్దుతున్న నన్ను పట్టుకుని అడిగింది, "మామయ్యా, కణం పొర నూనెలాంటిది కదా, ప్రోటీన్ నీళ్ళలో కరిగేది కదా, మరి ఇన్సులిన్ పొర దాటి బయటికెలా వస్తుంది?" అని. దాని టెక్స్ట్‌బుక్కులో గరుకు ఎండోప్లాస్మిక్ రెటిక్యులం మీద రైబోజోములు ఉంటాయి, ప్రోటీన్లు తయారుచేసి స్రవించే కణాల్లో అది ఎక్కువగా కనిపిస్తుంది అని రాసి వదిలేశారు. నేను వెసికల్స్ అనే చిన్న సంచులు, గాల్జీ అని ఏదో చెప్పాను. "అది తర్వాత కదా, ముందు ఆ సంచిలోకి ఎలా ఎక్కింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రే ఈ కిట్ ఆర్డర్ పెట్టాను, కాస్త పౌరుషం కొద్దీ అనుకోండి.

వచ్చిన తీరు కూడా చెప్పాలి. కిట్‌తో వచ్చే పుస్తకం మొదటి పేజీలోనే ఒక పోలిక ఉంది, ప్రతి ప్రోటీన్‌కీ పార్సిల్ మీద పిన్ కోడ్ ఉన్నట్టు ఒక చిరునామా ఉంటుంది, దాన్ని చూసి కణం సరిగ్గా చేరుస్తుంది అని. ఇది రాసినవాళ్ళే నా పార్సిల్ మీద పిన్ కోడ్ తప్పు వేశారు. పెట్టె రాష్ట్రం దాటి అటు పాతపట్నం వెళ్ళింది. మాకు పాతపట్నం అంటే పక్క వీధి లెక్క, సాయంత్రం బండేసుకుని వెళ్ళి తెచ్చుకున్నాను, కాని డెలివరీ ఫ్రీ అన్న మాటకి పెట్రోలు నాది.

పెట్టె విప్పితే చూపుకి బాగుంది, అది ఒప్పుకోవాలి. రెండు వరసల ఫోమ్‌తో చేసిన పొర ఒకటి, నిలబెట్టుకోవడానికి స్టాండు. మధ్యలో అమర్చే ప్లాస్టిక్ ఛానల్, దాని పేరు సెక్61. పైన కూర్చునే రైబోజోమ్ రెండు ముక్కలు. ఎస్ఆర్‌పి, అంటే సిగ్నల్ రికగ్నిషన్ పార్టికల్, అయస్కాంతం ఉన్న పొడుగు ముక్క. దాన్ని పట్టుకునే రిసెప్టర్. చిన్న కత్తెరలాంటిది ఒకటి, బట్టల క్లిప్పుల్లాంటివి నాలుగు, చక్కెరల చెట్టు అని ఒక స్టిక్కరు, పూసలు గుచ్చిన దారం, మైటోకాండ్రియా గురించి ఒక అట్ట. ప్లాస్టిక్ మంచిదే, అంచులు గీసుకుపోవు, రంగు చేతికంటదు.

పూసల దగ్గర మొదలైంది గొడవ. ఇన్సులిన్ మొదట తయారయ్యేటప్పుడు ఇన్సులిన్‌గా తయారవదు, ప్రీప్రోఇన్సులిన్ అనే 110 అమైనో ఆమ్లాల (ప్రోటీన్‌ని కట్టే ఇటుకలు, కిట్‌లో ఒక్కో పూస ఒక్కోటి) గొలుసుగా తయారవుతుంది. అందులో మొదటి 24 సిగ్నల్ పెప్టైడ్, అంటే దారి చెప్పే చిరునామా ముక్క, మిగతా 86 ప్రోఇన్సులిన్, అందులోంచి మధ్య ముక్క పోయాక మిగిలే 51 అసలు ఇన్సులిన్. పెట్టె మీద "110 పూసలు, 24 ఎర్రవి" అని పెద్ద అక్షరాల్లో వేశారు. మా పిల్ల అలాంటివి నమ్మే రకం కాదు, మంచం మీద పోసి లెక్కపెట్టింది. 104. ఎర్రవి 18. అంటే తగ్గిన ఆరూ ఎర్రవే. సిగ్నల్ పెప్టైడ్లు ఎక్కువగా 15 నించి 30 దాకా ఉంటాయి కాబట్టి 18 కూడా ఒక సిగ్నలే అని కంపెనీవాళ్ళు వాదించొచ్చు, కాని అది ఇన్సులిన్‌ది కాదు. చివరికి అమ్మ పాత దండ తెగినప్పటి పగడపు రంగు పూసలు ఆరు కలిపి లెక్క సరిచేశాం.

మొదటిసారి పుస్తకం ప్రకారమే ఆడించాం. రైబోజోమ్‌లోంచి దారం లాగుతూ పోవాలి, ఎర్ర పూసలు బయటికి రాగానే ఎస్ఆర్‌పి వచ్చి టక్కున అతుక్కుంటుంది, మొత్తాన్నీ తీసుకెళ్ళి పొర మీది రిసెప్టర్‌కి తగిలించాలి, రైబోజోమ్ ఛానల్ మీద కూర్చుంటుంది, దారం లోపలికి దిగుతుంది. ఐదు నిమిషాల్లో అయిపోయింది. పిల్ల మొహంలో ఏ భావమూ లేదు. తర్వాత అది ఒక పని చేసింది, దారం మొత్తం చుట్టచుట్టి ఉండలా చేసి ఛానల్లో పెట్టి బొటనవేలితో నొక్కింది. ఉండ హాయిగా అవతల పడింది. "ఇలా కూడా వెళ్తోందిగా, మరి ఇంత తతంగం ఎందుకు?" అంది.

ఇది ఈ కిట్‌కి అతి పెద్ద లోపం, కొనేవాళ్ళు తెలుసుకుని కొనండి. అసలు సంగతంతా ఆ ఇరుకులోనే ఉంది. 2004లో టామ్ రాపోపోర్ట్ అనే శాస్త్రవేత్త బృందం సముద్రం అడుగున వేడినీటి బుగ్గల దగ్గర బతికే ఒక సూక్ష్మజీవి నించి ఇదే కుటుంబానికి చెందిన ఛానల్‌ని తీసుకుని దాని ఆకారం బయటపెట్టింది. అది డమరుకంలా ఉంటుంది, పైనా కిందా వెడల్పు, నడుము దగ్గర నీళ్ళు గిట్టని అమైనో ఆమ్లాల ఉంగరం ఒకటి, కింద చిన్న బిరడా. మడత విప్పిన గొలుసు మాత్రమే ఆ నడుములోంచి జారగలదు, మడతపడి ఉండకట్టిన ప్రోటీన్ పట్టదు. పట్టేంత వెడల్పు ఉంటే ఏమవుతుంది అంటే, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం లోపల కణం దాచుకున్న కాల్షియం ఆ కంతలోంచే కారిపోతుంది. గొలుసు వెళ్ళాలి, నీళ్ళూ ఉప్పులూ వెళ్ళకూడదు. కిట్‌లో కంత నా బొటనవేలంత ఉంది, బిరడా అసలు ఇవ్వనే లేదు. మేము కంత చుట్టూ సైకిల్ ట్యూబ్ ముక్క కోసి మధ్యలో ఒక్క పూస పట్టేంత గాటు పెట్టి బిగించాం. అప్పుడు ఉండ ఆగిపోయింది. దారం కూడా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే అమ్మ వచ్చింది, సాయంత్రం ఇంజెక్షన్ వేయించుకోడానికి. కళ్ళజోడు పైకెత్తి చూసి, "ఏటిరా అది, లంగాకి బొందెక్కిస్తన్నారేటి?" అంది. ఇద్దరం నవ్వాం. "నవ్వుతారేటి, పిన్నీసు లేకుండా బొందు మడతలోకి ఎలగెల్తాది? కొసని పిన్నీసు గుచ్చాల, అది దారి చూపిస్తాది. ఇవతల్నించి ఒట్టినే తొయ్యకూడదు, కుచ్చులు పడిపోద్ది. అవతల బట్టలోంచి ఏలితో పట్టుకుని ఆపుకోవాల, లేపోతే ఎనక్కొచ్చేస్తాది. అయిపోయాక పిన్నీసు తీసేస్తాం."

పుస్తకం నలభై పేజీల్లో చెప్పలేనిది ఇది. పిన్నీసు సిగ్నల్ పెప్టైడ్. బొందు ప్రోటీన్. మడత ఛానల్. అవతల పట్టుకునే వేలు బిప్ అనే ప్రోటీన్, అవే మా కిట్‌లో బట్టల క్లిప్పులు. కొన్ని ప్రోటీన్లు తయారైపోయి రైబోజోమ్‌ని వదిలేశాక పొర దాటతాయి, ఈస్ట్ కణాల్లో ఇది మామూలే, అప్పుడు వెనకనించి తోసే రైబోజోమ్ ఉండదు. గొలుసు దానంతటది ముందుకీ వెనక్కీ ఊగిసలాడుతూ ఉంటుంది, కాస్త లోపలికి జారగానే బిప్ వచ్చి పట్టుకుంటుంది, ఇంక వెనక్కి పోలేదు, ఇంకాస్త జారితే ఇంకో బిప్. ఆ పట్టుకి ఏటీపీ, అంటే కణం శక్తి కోసం వాడే అణువు, ఖర్చవుతుంది. ఏటీపీ అనగానే మన భీమవరం యల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు తల్చుకోకుండా ఉండలేను, 1929లో ఫిస్కేతో కలిసి ఆయన దాన్ని వేరుచేశారు, ఇది పరీక్షలో రాదు కాని పిల్లకి చెప్పాను. పుస్తకంలో ఆ నాలుగు క్లిప్పులకీ ఇచ్చిన వివరణ "ప్రోటీన్ మడతపడటానికి సాయపడతాయి" అని ఒక్క లైను. అదీ నిజమే, కాని వేలితో పట్టుకునే పని చెప్పకపోతే క్లిప్పులు ఎందుకిచ్చారో ఎవరికి అర్థమవుతుంది?

అమ్మ పోలిక ఒకచోట మాత్రం కుదరదు, అది కూడా రాయాలి. పిన్నీసు అన్నిటికన్నా ముందు వెళ్ళి అవతల తేలుతుంది. సిగ్నల్ పెప్టైడ్ అలా వెళ్ళదు. దాని మధ్యభాగం నూనె స్వభావం ఉన్నది కాబట్టి ఛానల్ పక్క గోడలో ఇరుక్కుంటుంది, మొదటి కొస ఇవతల కణద్రవ్యం వైపే ఉండిపోతుంది, దాని వెనకున్న గొలుసు హెయిర్‌పిన్‌లా వంపు తిరిగి లోపలికి దిగుతుంది. ఈ విషయంలో కిట్‌ని మెచ్చుకోవాలి, వాళ్ళ సెక్61 ఛానల్ రెండు చిప్పలుగా పక్కకి తెరుచుకుంటుంది, నిజం ఛానల్ కూడా అలా పక్కవాటుగా పొరలోకి తెరుచుకోగలదు. పొరలోనే ఉండిపోవాల్సిన ప్రోటీన్లు ఆ పక్క తలుపులోంచే జారుకుంటాయి. ఇంత మంచి ముక్క చేసి, పుస్తకంలో అది ఎందుకు తెరుచుకుంటుందో రాయలేదు! మేము మొదట విరిగిందేమో అనుకుని ఫెవిక్విక్ పెట్టబోయాం.

కత్తెర సంగతి ఇంకా దారుణం. ఆ కత్తెర సిగ్నల్ పెప్టిడేజ్, సిగ్నల్ ముక్కని కోసేసే ఎంజైము. అది కోసేది పొర అవతల, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం లోపలివైపు. పుస్తకం పదకొండో పేజీ బొమ్మలో కత్తెర ఇవతల, రైబోజోమ్ పక్కన పెట్టారు. అక్కడే కోసేస్తే ఇంక లోపలికి దారి చూపేదేది? పిన్నీసు ముందే తీసేసి బొందు ఎక్కించినట్టు. పొరపాటున అచ్చుపడి ఉంటుందిలే అనుకుంటే కిట్ వీడియోలో కూడా అదే బొమ్మ.

చక్కెరల స్టిక్కరు కూడా అంతే. పొర దాటుతున్న ప్రోటీన్లలో చాలావాటికి 14 చక్కెరల కొమ్మ ఒకటి ఒక్కసారిగా తగిలిస్తారు, ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం మీద, అదీ దాని తర్వాత ఒకటి వదిలి సెరిన్ గాని త్రియోనిన్ గాని ఉంటేనే. ఇన్సులిన్‌లో అలాంటి వరస లేదు. వీళ్ళు ఆ స్టిక్కరుని తీసుకెళ్ళి ఇన్సులిన్ పూసల మీద అంటించమన్నారు. షుగర్ జబ్బు, ఇన్సులిన్, చక్కెర, అన్నీ ఒకచోట చేరితే బాగుంటుందని ఎవరికో అనిపించి ఉంటుంది. అంటించొద్దు, పారేయనూ వద్దు, యాంటీబాడీ గురించి చెప్పేటప్పుడు పనికొస్తుంది, దాని మీద నిజంగానే చక్కెరలు ఉంటాయి.

ఎస్ఆర్‌పి మీద కూడా ఒక మాట. అసలు ఎస్ఆర్‌పి చాలా చిత్రమైన వస్తువు, ఆరు ప్రోటీన్లూ ఇంచుమించు 300 అక్షరాల ఆర్ఎన్ఏ ఒకటీ కలిసి ఉంటాయి. సిగ్నల్ బయటికి రాగానే ఒక కొస దాన్ని పట్టుకుంటుంది, రెండో కొస రైబోజోమ్ పనిని నెమ్మదింపజేస్తుంది, పొర దగ్గరికి చేరేలోపు గొలుసు మరీ పెరిగిపోకుండా. రిసెప్టర్ దగ్గరికొచ్చాక ఇద్దరి దగ్గరా ఉన్న జీటీపీ (ఏటీపీ లాంటి శక్తి అణువే) విరిగి ఇద్దరూ విడిపోతారు, ఎస్ఆర్‌పి మళ్ళీ ఇంకో సిగ్నల్ కోసం వెళ్తుంది. కిట్‌లో అయస్కాంతం ఎంత గట్టిదంటే విడిపోవడమన్నదే లేదు, పిల్ల గోరు విరిగింది. మధ్యలో పాత సినిమా టికెట్టు ముక్క పెట్టి, దానికి జీటీపీ అని పేరు పెట్టి, అది లాగేస్తే విడిపోయేలా మేమే ఏర్పాటు చేసుకున్నాం. ఇంకోటి, రైబోజోమ్ లోపల గొలుసు నడిచే సొరంగంలో ఎప్పుడూ 30, 40 అమైనో ఆమ్లాలు దాగి ఉంటాయి, అంటే ఇన్సులిన్ సిగ్నల్ పూర్తిగా బయటపడేసరికి గొలుసు సగానికి పైగా తయారైపోయి ఉంటుంది. కిట్ రైబోజోమ్‌లో ఎనిమిది పూసలే పడతాయి. ఇది క్షమించేయొచ్చు, లేకపోతే రైబోజోమ్ కొబ్బరికాయంత చెయ్యాలి.

నాకు బాగా నచ్చిన ఆట అసలు పుస్తకంలో లేదు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. ఇదంతా కనిపెట్టిన మనిషి గ్యుంటర్ బ్లోబెల్, న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ యూనివర్సిటీలో జార్జ్ పలాడీ దగ్గర పనిచేశాడు. 1971లో డేవిడ్ సబాటినితో కలిసి, ప్రోటీన్ మొదట్లోనే దారి చెప్పే ముక్క ఏదో ఉండాలి అని ఊహ మాత్రం చెప్పాడు. మరుసటేడు మిల్‌స్టైన్ బృందం యాంటీబాడీలోని చిన్న గొలుసు మొదట కాస్త పొడుగ్గా తయారవుతుందని చూసింది. 1975లో బ్లోబెల్, డాబర్‌స్టైన్ కలిసి దీన్ని పరీక్షనాళికలో తేల్చారు. ఎలుక కణితి నించి ఆ చిన్న గొలుసు తయారీ సందేశం, కుక్క క్లోమం నించి తీసిన పొర సంచులు. పొర లేకుండా తయారుచేయిస్తే గొలుసు పొడుగ్గా వచ్చింది, సిగ్నల్ తెగలేదు. మొదటినించీ పొర సంచులు ఉంచి తయారుచేయిస్తే పొట్టిగా, సరైన కొలతలో వచ్చింది, పైగా ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైములు పోసినా చెక్కుచెదరలేదు, ఎందుకంటే అది సంచి లోపల దాక్కుంది. గొలుసు పూర్తిగా తయారయ్యాక సంచులు కలిపితే? పొడుగ్గానే ఉంది, ఎంజైము తినేసింది. అంటే తయారవుతూ ఉండగానే ఎక్కాలి, రైలు కదిలిపోయాక ప్లాట్‌ఫారం మీదికొచ్చి లాభం లేదు. దీనికే 1999లో నోబెల్ ఇచ్చారు, ఒక్కడికే.

దీన్ని మేము ఇంట్లో ఆడాం. నేను రైబోజోమ్, పిల్ల పొర, దాని చేతిలో కత్తెరా క్లిప్పులూ, పక్కింటి ఏడో తరగతి బుడ్డోడు ట్రిప్సిన్, అంటే ప్రోటీన్లని ముక్కలు చేసే ఎంజైము. వాడి పని, బయట కనపడిన ప్రతి పూసనీ లాగేసుకోవడం. మూడు ఆటలు ఆడాం, పొర లేకుండా, పొరతో, ఆలస్యంగా వచ్చిన పొరతో. ప్రతిసారీ చివర్లో దారం కొలిచి గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాం. మూడో ఆట అయ్యాక పిల్ల ఆ గీతల్ని చూసి, "ఓహో, పొడుగు చూస్తే తెగిందో లేదో తెలుస్తుంది, వీడు తిన్నాడో లేదో చూస్తే లోపలుందో బయటుందో తెలుస్తుంది" అంది. అప్పుడు నాకు 1,890 లో ఓ వెయ్యి వసూలైనట్టనిపించింది. ఇంత తేలిక ఆట పుస్తకంలో ఒక పేజీ పెట్టడానికి వాళ్ళకేమి ఖర్చు? ఇంకో ముక్క ప్లాస్టిక్ కూడా అక్కర్లేదు.

మైటోకాండ్రియా అట్ట డబ్బులకి దండగ. మైటోకాండ్రియాకి సొంత డీఎన్ఏ ఉన్నా మనుషుల్లో దాన్నించి తయారయ్యేవి 13 ప్రోటీన్లే, మిగతావన్నీ బయట కణద్రవ్యంలో తయారై రెండు పొరలు దాటి వెళ్ళాలి. అక్కడ ద్వారాలు వేరు, బయటి పొరలో టామ్, లోపలి పొరలో టిమ్. చిరునామా ముక్క కూడా వేరు, ఒకవైపు ధనావేశాలు, రెండోవైపు నూనె స్వభావం ఉన్న మెలిక అది, లోపలి పొర మీది విద్యుత్తు తేడా ఆ ధనావేశాల్ని లోపలికి లాగుతుంది. వీళ్ళు ఆ అట్ట మీద అదే ఎర్ర పూసల సిగ్నల్ బొమ్మ మళ్ళీ అచ్చేసి, బాణం గీసి ఊరుకున్నారు. ఒకే పిన్ కోడ్‌తో రెండు ఊళ్ళు. నా పార్సిల్ పాతపట్నం ఎందుకెళ్ళిందో అప్పుడర్థమైంది.

భాష సంగతి. పుస్తకం ఇంగ్లిష్, హిందీ. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో కూర్చుని తెలుగు లేదని బాధపడటం మామూలైపోయింది, ఒడియా కూడా లేదు, కాబట్టి ఊరంతటికీ సమన్యాయమే. వీడియోలకి తెలుగు సబ్‌టైటిల్స్ ఉన్నాయి, మెషీన్ చేసింది. ప్రోటీన్ మడతకి సాయపడే షాపరోన్‌ని "పెళ్ళికాని అమ్మాయికి తోడుగా వెళ్ళే పెద్దావిడ" అని వేసింది. అమ్మకి ఇది విపరీతంగా నచ్చింది, అప్పట్నించీ క్లిప్పుల్ని పెద్దావిడలు అనే పిలుస్తోంది.

ఎవరు కొనాలి అంటే, నీట్ మార్కుల కోసమైతే కొనొద్దు, టెక్స్ట్‌బుక్కు ఇంత లోతుకి వెళ్ళదు, ఆ డబ్బుతో పాత ప్రశ్నపత్రాలు కొనుక్కోండి. పిల్ల చేతికిచ్చి వాళ్ళే నేర్చుకుంటారులే అనుకునేవాళ్ళూ కొనొద్దు, ఆ కత్తెర బొమ్మా ఆ చక్కెరా తప్పుగానే బుర్రలో కూర్చుంటాయి. పక్కన కూర్చుని తప్పులు దిద్దే ఓపిక ఎవరికైనా ఉంటే, లేదా బడిలో బయాలజీ చెప్పేవాళ్ళయితే, కొనొచ్చు, ఛానల్ ఒక్కటీ అంత బాగుంది. తగ్గింపులో 1,200కి వస్తే నాలుగు స్టార్లు ఇచ్చేవాణ్ణి.

నాకు వ్యక్తిగతంగా కలిసొచ్చింది ఏమిటంటే షాపులో మాటలు. డాక్టరు సీ-పెప్టైడ్ టెస్టు రాస్తే జనం ఇదేం టెస్టని నన్నడుగుతారు. ప్రోఇన్సులిన్ నించి ఇన్సులిన్ విడిపోయేటప్పుడు తెగిపడే మధ్య ముక్క అది, 31 అమైనో ఆమ్లాలు, ఒంట్లో తయారైన ప్రతి ఇన్సులిన్‌కీ ఒకటి చొప్పున బయటికొస్తుంది, ఇంజెక్షన్ ఇన్సులిన్‌తో రాదు, అందుకే క్లోమం సొంతంగా ఎంత పనిచేస్తోందో దాన్నిబట్టి తెలుస్తుంది. ఇదివరకు "అదొక షుగర్ టెస్టు" అనేవాణ్ణి, ఇప్పుడు కౌంటరు మీద పూసల దారం తీసి చూపిస్తున్నాను. బయట అమ్మే ఇన్సులిన్‌లో కొంత ఈస్ట్ చేత చేయిస్తారని, ఈస్ట్ దాన్ని కణం బయటికి పంపాలంటే దానికీ ముందొక సిగ్నల్ ముక్క తగిలించాలని చెప్తే అమ్మ తన వయల్‌ని అటూ ఇటూ తిప్పి చూసి, "అయితే దీనికీ పిన్నీసుందన్నమాట" అంది.

సర్వీసు: తగ్గిన ఆరు పూసల గురించి వాట్సాప్ చేస్తే పన్నెండు రోజులకి ఒక కవర్ వచ్చింది, ఈసారి సరిగ్గా పర్లాకిమిడికే. అందులో ఆరు ఎర్ర పూసలున్నాయి, కాని కంత చిన్నది, కిట్ దారం పట్టలేదు. అమ్మ దండ పూసలే ఉంచేశాం. పదకొండో పేజీ కత్తెర సంగతి, ఇన్సులిన్ మీద చక్కెర సంగతి కూడా ఫోటోలతో సహా రాశాను. "నోటెడ్ సర్" అని ఒక బొటనవేలు బొమ్మ పంపారు. కొత్త అచ్చులో మార్చారేమో చూడాలంటే ఇంకో కిట్ కొనాలి, ఆ పని నేను చెయ్యను, ఈ మధ్య కొన్నవాళ్ళెవరైనా ఉంటే పదకొండో పేజీ తిప్పి కత్తెర ఎటువైపుందో చెప్పండి.